అనంతపురం నేల మీద ‘డ్రై’ అనే విశేషణం

అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏ గ్రామం అడంగల్ తిరగేసినా ఎక్కువ సర్వే నంబర్ల ఎదుట ‘డ్రై’ అనో ‘మెట్ట’ అనో ఉంటుంది. వానాకాలంలో వ్యవసాయ శాఖ నివేదికల్లో ‘డ్రై స్పెల్’ వస్తుంది. శుక్రవారం ‘డ్రై డే’ అంటూ ఆరోగ్య సిబ్బంది ఇంటింటా తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేయిస్తారు. పశువైద్యుడు ‘డ్రై పీరియడ్’ అంటే ఈనడానికి ముందు పాలు పిండడం మానేసిన గేదె సంగతి. విశేషణం ఒకటే, చెప్పే సంగతులు మాత్రం వేరు. మాట చిన్నదే అయినా ఈ పీఠభూమిలో పన్ను, పంట, పరిహారం అన్నీ దానితో ముడిపడ్డాయి. కాబట్టి అది ఎక్కడిది, దాన్నెలా పలుకుతారు, అసలు దేన్ని కొలుస్తుంది అన్న ప్రశ్నలు భాషావేత్తలకే పరిమితమైనవి కావు.

ఇంగ్లీషులో ఈ మాటకు వెయ్యేళ్ళకు పైబడిన వయసుంది. ప్రాచీన ఇంగ్లీషులో దాని రూపం దాదాపు ‘డ్రూయె’. మధ్యనున్న అచ్చు నిజానికి ‘ఊ’ కాదు. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఈ’ పలికితే వచ్చే ధ్వని. తెలుగులో దానికి అక్షరం లేదు. ఆ తర్వాతి హల్లును రాతలో ‘గ’గా రాసినా పలుకులో అది మెత్తబడి ‘య’ అయింది, పోనుపోను మాయమైంది. డచ్చి భాషలోని ‘డ్రోఖ్’, జర్మన్‌లోని ‘ట్రోకెన్’ దీనికి దగ్గర చుట్టాలు. నీళ్ళు తీసివేసే ‘డ్రెయిన్’ కూడా ఈ ఇంటిదే. ‘డ్రగ్’ అన్న మాట కూడా ఎండు సరుకు నింపిన పీపాలకు డచ్చివారు వాడిన పేరు నుంచి వచ్చిందని ఒక వాదం ఉంది. అది వాదంగానే మిగిలింది.

అనంతపురానికి ఎక్కువ కావలసిన చుట్టం ‘డ్రౌట్’. ‘వార్మ్’ నుంచి ‘వార్మ్‌త్’, ‘డీప్’ నుంచి ‘డెప్త్’ వచ్చినట్టే ‘డ్రై’ పాతరూపానికి ‘త్’ ప్రత్యయం చేరి ఈ మాట పుట్టింది. చివరి ‘త్’ తర్వాత ‘ట్’గా గట్టిపడింది, ‘హైట్’లో జరిగిందీ ఇదే. మధ్యలో రాసే రెండక్షరాలు ఒకప్పుడు ‘ఖ్’లా వినిపించేవి, ఇప్పుడు మూగబోయాయి. అంటే ఇంగ్లీషువాడి దృష్టిలో కరువు అంటే పొడిదనం, అంతకుమించి ఏమీ కాదు. మన ‘కరువు’ అలాంటిది కాదు. అందులో వాన లేకపోవడంతో పాటు తిండి లేకపోవడం, పని లేకపోవడం, పశువుకు మేత లేకపోవడం కలిసి ఉన్నాయి. ‘డ్రౌట్’కు ‘కరువు’ అని రాసి ఊరుకునే ప్రతి అనువాదంలోనూ ఈ తేడా జారిపోతోంది.

ఉచ్చారణ విషయానికి వస్తే, 14వ శతాబ్దంలో కవి చాసర్ నాటికి ఈ మాట ‘డ్రీ’. 15వ శతాబ్దం నుంచి రెండు మూడు వందల ఏళ్ళలో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారాయి. ఒట్టో యెస్పర్సెన్ అనే డేనిష్ భాషావేత్త దీనికి ‘మహా అచ్చుమార్పు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ మార్పులో దీర్ఘ ‘ఈ’ కాస్తా ‘ఐ’ అయింది, ‘డ్రీ’ కాస్తా ‘డ్రై’ అయింది. రాత మాత్రం పాతదే ఉండిపోయింది. ఇంగ్లీషు వర్ణక్రమం పిల్లల్ని ఎందుకు ఏడిపిస్తుందో తెలియడానికి ఈ ఒక్క మాట చాలు.

ఇంగ్లీషు ‘డ’ మన ‘డ’ కాదు, ‘ద’ కూడా కాదు. నాలుక కొన పైపళ్ళ వెనకాల చిగురుకు తగిలితే ఆ ధ్వని వస్తుంది. మన ‘ద’కు నాలుక పంటికి తగులుతుంది, ‘డ’కు వెనక్కి మడత పడుతుంది. రెంటికీ మధ్యదైన ఆ ధ్వనిని తెలుగు చెవి ‘డ’ ఖాతాలోనే వేసింది. డాక్టరు, డబుల్, డ్రై అన్నీ అలా వచ్చినవే. పైగా ఇంగ్లీషువాళ్ళ నోట ‘డ’, ‘ర’ కలిసినప్పుడు ఆ జంట ‘జ్ర’కు దగ్గరగా వినిపిస్తుంది. మనం రెంటినీ విడివిడిగా, స్పష్టంగా పలుకుతాం. పల్లెల్లో కొందరి నోట ‘డ్రైవరు’ ‘డైవరు’ అవుతుంది. దాన్ని మొరటుతనమని నవ్వేవారు గమనించవలసింది ఒకటుంది. క్రొత్త ‘కొత్త’ అయింది, మ్రాను ‘మాను’ అయింది, త్రాగు ‘తాగు’ అయింది. మాట మొదటి హల్లుకు అంటుకున్న ‘ర’ను రాల్చేయడం తెలుగు ఎన్నో వందల ఏళ్ళుగా చేస్తున్న పని. ‘డైవరు’ అన్న మనిషి తన భాష వ్యాకరణాన్నే పాటిస్తున్నాడు.

పొడిదనాన్ని చెప్పే ఇతర మాటల పుట్టుక ఇంకా దూరం వెళుతుంది. వాతావరణ శాస్త్రంలో ఎక్కువగా వినిపించే ‘ఆరిడ్’ లాటిన్‌ది. మండటం, ఎండటం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందనీ, ఇంగ్లీషులో బూడిదను చెప్పే ‘యాష్’ కూడా అక్కడిదేననీ భాషావేత్తలు చెబుతారు. దాహాన్ని చెప్పే ‘థర్‌స్ట్’, మన సంస్కృత ‘తృష్ణ’, భూమిని చెప్పే లాటిన్ ‘టెర్రా’ ఒకే ధాతువుకు పుట్టాయి. ఆ ధాతువుకు ఎండటమనే అర్థం. సంస్కృత ‘శుష్క’, పారసీక ‘ఖుష్క్’ మరో జంట. నిజాం రాజ్యపు రెవెన్యూ భాషలో నుంచి తెలంగాణ రైతు నోట నిలిచిన ‘ఖుష్కి’ భూమి ఈ పారసీక మాటే. తుంగభద్రకు అటు ‘ఖుష్కి’ అయిన నేల ఇటు ఈస్టిండియా కంపెనీ పాలనలో ‘డ్రై’ అయింది.

ఇంగ్లీషు ‘డ్రై’ చేసే పనిని తెలుగు ఒక్క మాటకు అప్పగించలేదు. ఎండవల్ల తడి పోతే ఎండుతుంది, గాలికి పోతే ఆరుతుంది. ఎండు మిరపకాయ ఉంటుంది గాని ఆరిన మిరపకాయ అనరు. తడి అంటని దుక్కి పొడి దుక్కి. దగ్గయినా చర్మమైనా పొడే. ఊట ఆగిన బావి, పాలు ఆగిన ఆవు వట్టిపోతాయి. వట్టిపోవడంలో ఉన్న దిగులు ‘డ్రై’లో లేదు, ఎందుకంటే ఇవ్వవలసినది ఇవ్వకపోవడం తెలుగు మాటలో ఉంది.

అయితే ఆ దిగులు లేకపోయినా, ఉండవలసినది లేకపోవడం ‘డ్రై’ అర్థంలోనూ దాగి ఉంది. టార్చిలైటులో వేసే డ్రై సెల్ విప్పి చూస్తే లోపల తడి ముద్ద ఉంటుంది. పూర్తిగా ఎండితే అది పనిచేయదు. ఒలికే ద్రవం లేదు కాబట్టి డ్రై. డ్రై క్లీనింగులో బట్టలు ద్రావకంలో నిండా మునుగుతాయి, నీళ్ళు లేవు కాబట్టి డ్రై. డ్రై ఐస్ సున్నాకు దిగువ 78 డిగ్రీల దగ్గర కరగకుండానే ఆవిరైపోతుంది, ద్రవదశ లేదు కాబట్టి డ్రై. 1995 జనవరి 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలైతే రాష్ట్రమే ‘డ్రై’ అయింది. 1997లో ఆ విశేషణాన్ని తీసేశారు. వీటన్నింటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటంటే, ఉంటుందని ఎదురుచూసిన ద్రవం లేకపోవడం. కాబట్టి ‘డ్రై’ ఒక గుణాన్ని కాదు, ఒక లెక్కలోని లోటును చెబుతుంది. ఏ ద్రవం, ఎంత ఉండాలని ఎవరు ఎదురుచూశారు అన్నది తేలకుండా ఆ మాటకు శాస్త్రీయమైన అర్థం లేదు. అనంతపురంలో ఈ ప్రశ్నకు కనీసం నాలుగు జవాబులున్నాయి.

అన్నింటికంటే పాతది రెవెన్యూ జవాబు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలానికి థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. అనంతపురంలో మకాం పెట్టాడు. ఆయన జరిపించిన సర్వేలో భూమిని డ్రై, వెట్, గార్డెన్ అని విడదీశారు. మనవాళ్ళ మాటలో మెట్ట, మాగాణి, తోట. ఇక్కడ ఎదురుచూసిన ద్రవం వాన కాదు. చెరువు నీరో కాలువ నీరో పారితే మాగాణి, పారకపోతే మెట్ట, దాన్నిబట్టి శిస్తు. తెలుగు ‘మెట్ట’ అసలు పొడిదనం ఊసే ఎత్తదు. ఎత్తైన నేల అని దాని అర్థం. మెట్టులో ఉన్నదీ అదే. చెరువు నీరు ఎక్కని చోటని చెప్పడం కొలతకు అందే సంగతి. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మాటకంటే మన మాటే శాస్త్రానికి దగ్గరగా ఉందని ఒప్పుకోవాలి.

ఆ వర్గీకరణ నేటికీ రికార్డుల్లో బతికే ఉంది, నేల మాత్రం మారిపోయింది. ఏళ్ళ తరబడి చుక్క చేరని చెరువు కింద ముళ్ళకంప మొలిచిన భూమి కాగితంలో మాగాణి. ఐదారు బోర్లు వేసి చీనీ తోట పెంచిన భూమి కాగితంలో మెట్ట. ఇక్కడ ‘డ్రై’ అన్నది నేటి తేమ గురించి చెప్పదు, రెండు వందల ఏళ్ళనాటి శిస్తు లెక్కను చెబుతుంది. అడంగల్లోని ఆ గడిని చూసి జిల్లాలో ఇంత శాతం ఎండు భూమి అని రాసే వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అలా రాయకూడదు.

రెండో జవాబు ఆకాశానిది. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీది తడిని తెచ్చి పశ్చిమ కనుమల ఎగువ వాలుల మీద కురిపిస్తుంది. కనుమ దాటి దిగివచ్చే గాలి కిలోమీటరుకు దాదాపు 9.8 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. దీన్ని శాస్త్రంలో ‘డ్రై’ రేటు అంటారు. గాలిలో తేమ లేదని కాదు. ఆవిరి ఉంది, అది నీటిబొట్టుగా మారడం లేదు, అంతే. వేడెక్కిన గాలి ఆవిరిని ఇంకా ఇముడ్చుకోగలదు కాబట్టి మబ్బు పలచబడుతుంది. జూలైలో రామగిరి గుట్టల మీది గాలిమరలు తెరిపి లేకుండా తిరుగుతుంటాయి, మబ్బులు తూర్పుకు పరుగెత్తుతుంటాయి, చినుకు రాలదు. రైతు తలెత్తి చూసి ‘గాలి ఎక్కువ, వాన తక్కువ’ అంటే అది కచ్చితమైన భౌతికశాస్త్రమే. గాలిలో నీరుంది. దాన్ని పైకెత్తి చల్లార్చే శక్తి లేదు. ఇక ఈశాన్య రుతుపవనం వచ్చేసరికి బంగాళాఖాతం దూరం. తూర్పున ఉన్న కొండవరుసలు దాటాక మిగిలేది కొద్దే. రెండు వైపులా వానల చివరి అంచున ఉండడం ఈ జిల్లా భూగోళం.

అంతా కలిసి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాష్ట్ర సగటు 900 దాటుతుంది. ఇక్కడే మూడో జవాబు మొదలవుతుంది, అన్నింటికంటే ఇదే ఆసక్తికరం. ‘డ్రై’ అన్న మాట పుట్టిన దేశపు రాజధాని లండన్‌లో ఏడాదికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. అనంతపురానికీ లండన్‌కూ మధ్య తేడా ఒక మంచి వాన, అంతే! అయినా లండన్ పచ్చగా ఉంటుంది. కారణం, అక్కడ ఏడాది సగటు ఉష్ణోగ్రత పదకొండు డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఇక్కడ ఇరవైఏడు దాటుతుంది. నేల నుంచి, ఆకు నుంచి గాలి లాక్కోగలిగిన నీరు అనంతపురంలో వచ్చిన వానకు మూడు రెట్ల పైనే. అంటే వానను ఒంటరిగా కొలిస్తే లాభం లేదు, గాలి దాహంతో భాగించాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ వాడే సూచికలో ఆ భాగఫలం 0.2కూ 0.5కూ మధ్య ఉంటే ‘సెమీ ఆరిడ్’, 0.05కూ 0.2కూ మధ్య ఉంటే ‘ఆరిడ్’. ఈ లెక్కన అనంతపురం సెమీ ఆరిడ్.

అయితే మన దేశపు వ్యవసాయ పర్యావరణ మండలాల పటం తీస్తే బళ్ళారి, రాయచూరు, బిజాపూర్‌లతో కలిపి అనంతపురం ‘హాట్ ఆరిడ్’ మండలంలో ఉంటుంది, పంట కాలం 90 రోజులకు లోపు. థార్ ఎడారికి పెట్టిన విశేషణమే దీనికీ పెట్టారు. ఈ రెంటిలో ఒకటి తప్పని అనుకోనక్కర్లేదు. నీటి లెక్క కట్టే పద్ధతులు వేరు. 1948లో అమెరికా శాస్త్రవేత్త థార్న్‌త్‌వెయిట్ వాన, బాష్పోత్సేకం రెంటినీ తూచే పద్ధతి ప్రతిపాదించాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు చెందిన వి.పి. సుబ్రహ్మణ్యం 1950లలో దాన్ని భారతదేశమంతటికీ వర్తింపజేసి నీటి పద్దు కట్టారు. వాల్తేరు సముద్రపుటొడ్డున చదువుకున్న తెలుగువారికి పొడి నేలల శాస్త్రంతో అంత పాత సంబంధం ఉంది. గీత ఎక్కడ గీయాలన్నది పద్ధతిని బట్టి కాస్త అటూ ఇటూ జరుగుతుంది, అనంతపురం ఆ గీత మీదే ఉంది. పథకాల జాబితాలో ఏ విశేషణం కింద వస్తామన్నది నిధుల విషయం కాబట్టి ఆ కాస్త జరుగుడే జిల్లాకు పెద్దది.

నాలుగో జవాబు పంటది. బ్రిటన్ పాత వాతావరణ లెక్కల్లో వరుసగా పదిహేను రోజులు కొలవదగ్గ వాన పడకపోతే దాన్ని ‘పరిపూర్ణ అనావృష్టి’ కింద రాసేవారు. పదిహేను రోజులు! అనంతపురంలో ఆ పాటి విరామాన్ని ఎవరూ పట్టించుకోరు. 2016 నాటి మన కేంద్ర ప్రభుత్వ కరువు నిర్వహణ నిబంధనావళి ప్రకారం, రుతుపవనం రావలసిన తేదీ దాటాక మూడు నాలుగు వారాల పాటు ప్రతివారం మామూలు వానలో సగమైనా పడకపోతే ‘డ్రై స్పెల్’. తేలిక నేలలకు మూడు వారాలు. అనంతపురం ఎర్రనేలలు తేలికవి, లోతు తక్కువవి, పదును ఎక్కువ రోజులు నిలబెట్టుకోలేనివి. కాబట్టి ఇక్కడ వర్తించేది మూడు వారాల లెక్క. దీనికి తెలుగు వ్యవసాయ శాస్త్రజ్ఞులు వాడే మాట ‘బెట్ట’. కరువు వేరు, బెట్ట వేరు. ఏడాది మొత్తం వాన మామూలుగానే కురిసినా నడుమ బెట్ట పడితే పంట పోతుంది.

వేరుశనగ విషయంలో అదెలా జరుగుతుందో చెప్పుకోవాలి. ఒక దశలో ఈ జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేసిన పంట అది. నెల రోజులకు పూత వస్తుంది, పువ్వు నుంచి ఊడ దిగి నేలలో గుచ్చుకుంటుంది. పైపొర ఎండి గట్టిపడితే ఊడ దిగలేదు. దిగినా మరో చిక్కుంది. గింజ నిండడానికి కావలసిన కాల్షియాన్ని వేరు అందించలేదు. నేలలో ఉన్న కాయే చుట్టూ ఉన్న తడిలోంచి నేరుగా పీల్చుకోవాలి. వేర్లు లోతుకు పోయి చెట్టును పచ్చగా ఉంచినా కాయలున్న పైపొరలో తడి లేకపోతే అవి తాలుగా మిగులుతాయి. చేను పచ్చగా ఉంది కదా అని బయటినుంచి వచ్చిన పరిశీలకుడు అనుకుంటాడు, చెట్టు పీకి చూస్తే గాని నష్టం తెలియదు. పైగా ఈ పంట పూర్తవడానికి 105 నుంచి 110 రోజులు కావాలి; పటం ఇచ్చిన పంటకాలం 90 రోజులు కూడా కాదు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాల వెనక ఉన్న ఆలోచన ఈ లోటును ఎలా దాటాలన్నదే.

శాస్త్రసంస్థల పేర్లలోనూ ఈ విశేషణం స్థిరంగా నిలవలేదు. ‘డ్రై ఫార్మింగ్’ అమెరికా మైదానాల్లో ప్రచారంలోకి వచ్చిన మాట. 1911లో జాన్ విడ్‌సో ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. 1930లలో పక్కనే బళ్ళారి దగ్గరి హగరిలో ఆ పేరుతోనే పరిశోధన జరిగింది. 1972లో పటాన్‌చెరులో వెలసిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పేరులో ‘సెమీ ఆరిడ్’ ఉంది. 1985లో హైదరాబాదులో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ‘క్రీడా’ (CRIDA) పేరులో ‘డ్రైల్యాండ్’ ఉంది. 2006లో కేంద్రం పెట్టిన ప్రాధికార సంస్థకు ‘రెయిన్‌ఫెడ్’ అని పేరుపెట్టారు, అంటే వర్షాధారం. లేనిదాన్ని చెప్పే మాట పోయి ఉన్నదాన్ని చెప్పే మాట వచ్చింది. నా మటుకు ఇది మంచి మార్పు. 550 మిల్లీమీటర్లు శూన్యం కాదు. ఎకరా నేల మీద అది ఇరవై రెండు లక్షల లీటర్లు. అది ఎప్పుడు పడుతుంది, ఎంత ఇంకుతుంది, ఎంత కొట్టుకుపోతుంది అన్న ప్రశ్నలు ‘వర్షాధారం’ అన్నప్పుడు వస్తాయి. ‘డ్రై’ అన్నప్పుడు చర్చ మొదలుకాకుండానే ముగుస్తుంది.

జిల్లా గురించి నివేదికలు రాసేవారికి, వాటిని తెలుగు చేసే విలేకరులకు, పాఠాలు రాసే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ‘డ్రై’ అన్న మాట ఎదురైనప్పుడు అది చెరువు నీరు ఎక్కని నేలను చెబితే మెట్ట అని రాయండి. వారాలను చెబితే బెట్ట అని రాసి ఎన్ని వారాలో వేయండి. ఊట ఆగితే వట్టిపోయిందనండి, ఎన్ని అడుగుల బోరో చెప్పండి. వాతావరణాన్ని చెబితే ఏ సూచిక ప్రకారమో పేర్కొనండి. కరువు అన్న మాటను మనుషులకు తిండి, పని, పశువులకు మేత తగ్గిన సంవత్సరాలకు దాచి ఉంచండి.